తాలు దాచిన ఊరు

రేగడిపాలెంలో తాలుకాయను పసిగట్టే కన్ను కోటిలింగానిది. ఎర్రగా ఆరబోసిన మిరప కల్లంలో తెల్లబారిపోయి, సత్తువ లేని కాయ ఒక్కటి ఉంటే చాలు, గట్టు మీద నిలబడే పట్టేసేవాడు. తాలు కనబడితే బేరగాడు పెదవి విరుస్తాడు. అందుకని బేరగాడొచ్చే పూటకి కోటిలింగం తాలంతా ఏరి, కల్లం వెనక చాప కింద పెట్టేవాడు. గోతం మూతి దగ్గర రక్తం రంగు కాయ పోసేవాడు. బేరగాడు పైపొర చూసి, గుప్పెడు తీసి నలిపి, తలాడించి పోయేవాడు.

"ఇది మోసం గాదా మావా?" అని ఎవరన్నా అడిగితే, "మోసమేంట్రా? ఇంటికి చుట్టమొస్తే చింకిచాప లోపల పెట్టవూ? ఇదీ అంతే," అనేవాడు.

చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కూడా కల్లాల రోజుల్లో అతన్ని పిలుచుకెళ్ళేవాళ్ళు. వెళ్ళి, ఏరి, ఏరడం నేర్పి వచ్చేవాడు. అంత కన్నున్నవాడికి ఇంట్లో మనిషికి ఏమైందో మాత్రం కనబడలేదు.

రెండేళ్ళ కిందట, యాభై ఏడు తొలకరిలో, ఫ్లూ జ్వరం వచ్చింది. మద్రాసు నుంచి రైలెక్కి వచ్చిందన్నారు. రేగడిపాలెంలో ఆ వారం పొయ్యి రాజని ఇళ్ళే ఎక్కువ. పది రోజులకి జ్వరం దిగి ఎవరి పనికి వాళ్ళు పోయారు. కోటిలింగం ఐదో రోజునే అరక పట్టాడు. అతని భార్య బసవమ్మ కూడా లేచింది. లేచి నీళ్ళు తోడింది, పేడ తీసింది, అన్నం వండింది. మర్నాడు లేవలేదు.

అప్పట్నుంచి అదే వరస. ఒకరోజు పని చేస్తే మూడు రోజులు మంచం. ఒళ్ళు వెచ్చన లేదు, దగ్గు లేదు, చూడ్డానికి మనిషి నిక్షేపంలా ఉంటుంది. కంటినిండా నిద్రపోయి లేచినా, తెల్లవార్లూ రోకలి పోటు వేసినదానిలా ఉండేది. ఎండ చూస్తే కళ్ళు మూసుకునేది. మాట్లాడుతూ మాట్లాడుతూ మాట మర్చిపోయేది. ఒకప్పుడు తొడిమలు తీయడంలో ఆమె పక్కన కూర్చోడానికి ఆడవాళ్ళు జంకేవాళ్ళు. వాళ్ళు అర గంప తీసేసరికి ఆమె గంప బోర్లించేది. ఇప్పుడు ఇరవై కాయలు తీసేసరికి చెయ్యి ఒళ్ళో పడిపోయేది. పడిన చేతిని, అది ఇంకెవరి చెయ్యో అన్నట్టు చూసేది.

దగ్గర్లోని పేటలో డాక్టరు గుండెకి గొట్టం పెట్టి చూసి, "ఏం లేదమ్మా, నీరసం," అని ఎర్రమందు సీసా ఇచ్చాడు. కోటప్పకొండకి మొక్కుకున్నారు. తాయెత్తు కట్టారు. సీసా అయిపోయింది, మొక్కు తీరింది, తాయెత్తు దారం పీలికలైంది. బసవమ్మ అలాగే ఉంది.

కోటిలింగం తల్లి అంకమ్మది ఊరి చివరికి వినబడే నోరు. "జొరం ఎప్పుడో పోయింది. దీనికి మంచం రుచి మరిగింది," అని నలుగురిలోనూ అనేది. "ఏమే మహారాణీ, ముద్ద కలిపి నోట్లో పెట్టమంటావా?" అని అడిగేది.

"పెడితే తింటానత్తా. ఇవాళ చెయ్యి లేవట్లేదు," అనేది బసవమ్మ. ఆమె వేళాకోళానికి అనలేదు. అంకమ్మకి మాత్రం వేళాకోళంగానే వినబడేది.

కోటిలింగం భార్యని ఒక్క మాటా అనలేదు. తల్లినీ ఒక్క మాటా అనలేదు. అదే తన మంచితనం అనుకున్నాడు. లోపల మాత్రం ఒక పురుగు తొలిచేది. లేవలేక లేవట్లేదా, లేవబుద్ధి గాక లేవట్లేదా?

ఆ ఏడు కాయ కల్లానికి చేరాక అంకమ్మ తేల్చి చెప్పింది. "ఒరేయ్ కోటీ, కల్లాలెత్తగానే దీన్ని సింగరాయకొండ పంపెయ్. అన్నదమ్ములున్నారు, చూసుకుంటారు. నీకు ఉడకేసి పెట్టే మనిషిని నేను చూస్తా."

కోటిలింగం ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. అనకపోతే అన్నట్టే. లోపల మంచం మీద బసవమ్మకి ఆ మాట వినబడింది. కల్లాలెత్తడానికి ఇంకా ఇరవై రోజులుంది.

మార్చి నెల సగంలో మునసబు వెంకయ్య ఊరి వాళ్ళని చావడి దగ్గరికి పిలిచాడు. చేతిలో సర్కారు కాయితం.

"గురువారం నాడు గుంటూరు నుంచి జీపులో పెద్ద డాక్టరొస్తన్నాడు. ఫ్లూ జొరం సంగతి కనుక్కుంటాడంట. ఇల్లిల్లూ తిరుగుతాడంట."

"ఆ జొరం పోయి రెండేళ్ళైంది గదా," అన్నాడు బుల్లయ్య అనే రైతు. "ఇప్పుడు తద్దినం పెడతాడా దానికి?"

నవ్వారు. వెంకయ్య నవ్వలేదు. "ఎందుకో కాయితంలో రాయలా. జబ్బు మనుషుల పేర్లు రాసుకుంటాడని మటుకు ఉంది."

పేర్లు రాసుకుంటాడు అనేసరికి నవ్వులు ఆగిపోయాయి. ఏడేళ్ళ కిందట కలరా వచ్చినప్పుడు కూడా ఇలాగే పేర్లు రాసుకున్నారు. రాసుకున్న మర్నాడు ఊరి బాటకి అడ్డంగా తాడు కట్టి ఇద్దరు కానిస్టేబుళ్ళని కూర్చోబెట్టారు. నలభై రోజులు బండి కదల్లేదు. అకాల వానకి కాయంతా కల్లాల్లోనే నల్లబడింది. ఆపై ఏడు గుంటూరు మిరప బజారులో, "ఇది కలరా ఊరి కాయ," అని బేరగాళ్ళు గోతం మూతి కూడా విప్పలేదు.

"మళ్ళీ తాడు కడితే ఈసారి ఆ తాడుకే ఉరేసుకోవాలి," అన్నాడు బుల్లయ్య.

అందరూ ఎవరి కాళ్ళ వంక వాళ్ళు చూసుకున్నారు. ఎవరింట్లో ఎవరున్నారో ఎవరూ అడగలేదు. అప్పుడు కోటిలింగం తలెత్తి మునసబు వంక చూశాడు. మామూలుగా చావడిలో అతను మాట్లాడే మనిషి కాదు.

"ఇందులో ఏముంది మావా? బేరగాడొస్తే తాలు కనపడనిస్తామా? లేవలేని వాళ్ళెవరైనా ఉంటే ఆ పూటకి పక్కన పెడదాం. కాలవ గట్టున నీ పాత పొగాకు బ్యారన్ ఖాళీగానే ఉంది గదా. డాక్టరు పైపొర చూసిపోతాడు."

బుల్లయ్య తొడ చరిచాడు. "తాలు ఏరే చెయ్యి తాలు ఏరే చెయ్యే!"

వెంకయ్య కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతని మొహంలో బరువు దిగినట్టయింది. అది ఎందుకో కోటిలింగానికి ఆ రోజు అర్థం కాలేదు.

గురువారం పొద్దున్నే కోటిలింగం బండిలో గడ్డి పరిచి, బసవమ్మని పడుకోబెట్టి, పైన ఖాళీ గోతాలు కప్పాడు. ఆమె అడ్డు చెప్పలేదు. "గోతాల్లో ఘాటుగా ఉందయ్యా," అని మాత్రం అంది. దారిలో ఇంకో రెండు బండ్లు కాలవ వైపు పోతూ కనబడ్డాయి. వాటి మీదా గోతాలే. బండివాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా తోలుకుపోయారు.

బ్యారన్ అంటే పచ్చి పొగాకును వేడికి ఆరబెట్టే ఎత్తైన మట్టి గది. కింద ఇనప గొట్టాలు, పైన కర్రలు, చెయ్యి పట్టేంత కిటికీ ఒకటి. ఆ ఏడు దానికి మంట పెట్టలేదు. కోటిలింగం భార్యని తలుపు దాకా నడిపించి లోపలికి పంపాడు. చీకట్లో ఎవరివో పాదాలు కనబడ్డాయి. ఎవరివో చూడలేదు. అవతలి వాళ్ళ గుట్టు చూడటం మర్యాద కాదనుకున్నాడు. తలుపు దగ్గరగా వేసి కల్లానికి వచ్చేశాడు.

జీపు తొమ్మిదింటికొచ్చింది. డాక్టరు క్రీస్తుదాసు సన్నటి మనిషి, జుట్టు నెరిసింది, చంకలో లావుపాటి రిజిస్టరు. అధికారం చూపించే మాట కాదు ఆయనది. ప్రతి గుమ్మంలోనూ అదే అడిగాడు. "జ్వరం తర్వాత కోలుకోనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అమ్మా?"

"లేరండి."

"ఎవరూ లేరండి. మీ దయ."

"అంతా కులాసా అండి."

మిరప ఘాటుకి ఊరంతా తుమ్ముతూనే ఉంది. డాక్టరు డ్రైవరు సిలారైతే కండువా ముక్కుకి చుట్టుకుని, "ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే రోగిష్టోడి లెక్కున్నానండి," అన్నాడు. అందరూ అవసరానికి మించి నవ్వారు.

కోటిలింగం కల్లంలో డాక్టరు ఆగాడు. కొట్టం నీడన చాప మీద సగం ఖాళీ చేసిన గంప ఉంది. తొడిమలు తీసిన కాయలు ఓ గుప్పెడు.

"ఇక్కడ ఎవరు కూర్చుంటారు?"

"మా ఆవిడండి. చేలోకెళ్ళింది."

"బాగా పనిచేస్తుందా?"

"ఆవిడ పక్కన కూర్చోడానికి ఊళ్ళో ఆడోళ్ళంతా జంకుతారండి," అన్నాడు కోటిలింగం. అతని నాలుక మీద అది అబద్ధంలా లేదు. రెండేళ్ళ కిందటి నిజం.

డాక్టరు ఆ గుప్పెడు కాయల వంక కాసేపు చూసి, రిజిస్టరులో సున్నా చుట్టాడు.

పన్నెండింటికి మునసబు అరుగు మీద కూర్చున్నారు. వెంకయ్య మజ్జిగ తెప్పించాడు. చెంబు పట్టుకుని గ్లాసుల్లో పోసే పని కోటిలింగానికి పడింది. డాక్టరు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఒక సంగతి చెప్పుకోనా మునసబుగారూ? మీ ఊరు బాగుంది, సంతోషం. కానీ నా రెండేళ్ళ పని ఇవాళ్టితో తుడిచిపెట్టుకుపోయింది."

"అదేంటండి?"

"ఆ జ్వరం వచ్చిపోయాక కొందరు మళ్ళీ మనుషులు కాలేదు. నా దగ్గరికి ఒకరిద్దరు వచ్చారు. పైకి ఏమీ కనబడదు. రక్తంలో ఏమీ ఉండదు. ఒకరోజు పని చేస్తే మూడు రోజులు మంచం. ఎంత నిద్రపోయినా అలుపు తీరదు. వెలుతురు పడదు. మాట్లాడుతూ మాట మర్చిపోతారు. చెయ్యి పని మధ్యలో పడిపోతుంది. ఇంట్లో వాళ్ళు సోమరితనం అంటారు. పాపం, వాళ్ళే తమని సోమరులనుకుంటారు."

కోటిలింగం పోస్తున్న మజ్జిగ గ్లాసు నిండి, అరుగు మీదికి పొర్లి, అతని పాదాల మీద కారింది. అతనికి తెలియలేదు.

"ఇది జబ్బే, దీన్ని చూడాలి, దీనికి మందేదో వెతకాలి అని రెండేళ్ళు పై ఆఫీసుకి రాశాను. నవ్వారు. రాస్తూనే ఉన్నాను. చివరికి ఈ ఏడు సర్కారు డబ్బు మంజూరు చేసింది. ఇరవై మంచాల వార్డు, పాలు, గుడ్లు, మందులు, ఈ జబ్బే చూడటానికి ఇద్దరు డాక్టర్లు. ఏడాది పాటు. ఇంటికి వెళ్ళాక కూడా నెలనెలా వచ్చి చూస్తారు. అయితే ఒక షరతు పెట్టారు. ఈ తాలూకాలో అలాంటి వాళ్ళు నలభై మంది ఉన్నారని ఈ నెలాఖరులోగా పేర్లతో చూపించాలి. లేకపోతే ఆ డబ్బు వెనక్కి పోతుంది." ఆయన మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు. "మీది పదకొండో ఊరు. పదకొండు ఊళ్ళలో ఒక్కరు లేరు. పేట బంగళాలో రేపు కూర్చుని రాసేస్తాను, నేను పొరబడ్డానని."

బుల్లయ్య నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. కోటిలింగం వెంకయ్య వంక చూశాడు. వెంకయ్య నేల వంక చూస్తున్నాడు. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాడు కోటిలింగం. కానీ బాట మీద కట్టిన తాడు, నల్లబడిన కల్లాలు, ఇప్పుడే ఇల్లిల్లూ చెప్పిన అబద్ధం, అన్నీ కలిసి అడ్డం పడ్డాయి. డాక్టరు టోపీ పెట్టుకున్నాడు. జీపు కదిలింది. దుమ్ము కూడా అణిగింది. కోటిలింగం చేతిలో చెంబు అలాగే ఉంది.

అతను కాలవ గట్టుకి పరుగెత్తినట్టే వెళ్ళాడు. బ్యారన్‌లో అందరూ మూలుగుతూ పడి ఉంటారనుకున్నాడు. తలుపు దగ్గరికొచ్చేసరికి లోపల నవ్వులు వినబడ్డాయి.

"నన్ను తాగుబోతన్నారమ్మా," అంటున్నాడు మగగొంతు. అది పేటలో చర్చికి పోయే పాలేరు జక్రయ్యది. "చుక్క ముట్టినోణ్ణి గాదు. రెండడుగులేస్తే తూలతన్నా. తూలేవాడు తాగుబోతు గాక ఇంకేంటి? పాదిరిగారు కూడా నా నోరు వాసన చూశాడు!"

"నీకు నోరన్నా చూశారన్నా," అంది దూదేకుల ఖుర్షిదా. "మా అత్త నా మంచం కోళ్ళు కోసేస్తానంది. పడుకోను మంచం లేకపోతే లేస్తదిలే అంది. నేల మీద పడుకున్నా."

కోటిలింగం తలుపు తీశాడు. వెలుతురు పడగానే లోపలున్న వాళ్ళందరూ ఒక్కసారే చేతులు కళ్ళకడ్డం పెట్టుకున్నారు. అందరూ. ఒకే రకంగా. బసవమ్మ ఇంట్లో చేసే పనే అది. అతను గుమ్మంలో కొయ్యబారిపోయాడు.

పదిహేడు మంది. పొద్దున నాలుగు మూలలా ఎవరి కులం వాళ్ళు, ఎవరి వాడ వాళ్ళు విడివిడిగా కూర్చుని ఉంటారు. ఇప్పుడు మధ్యలో ఒక్క కుప్పగా ఉన్నారు. బసవమ్మ తల ఖుర్షిదా ఒళ్ళో ఉంది. గొట్టానికి ఆనుకుని, జరీ అంచు చీర కట్టుకుని కూర్చున్న మనిషిని చూసి అతను కళ్ళు నులుముకున్నాడు. ఆమె మునసబు వెంకయ్య భార్య సుబ్బరావమ్మ. ఏడాదిగా ఆమె వాకిట్లోకి రాకపోతే నోములు పట్టిందని ఊరంతా అనుకుంది.

"తలుపు దగ్గరికెయ్యయ్యా, కళ్ళు పోతన్నయ్," అంది బసవమ్మ. అతను వేశాడు. ఆమె లేచి కూర్చోవడానికి కొంచెంసేపు పట్టింది. "చూశావా? మా అందరిదీ ఒకటే. ఒక్క పూట చేస్తే మూడు రోజులు. అందరికీ అంతే. అందరికీ ఆ జొరం తర్వాతే. పొద్దుట్నుంచి ఒకళ్ళు మాట మొదలెడతంటే ఇంకొకళ్ళు పూర్తి చేస్తన్నారు." ఆమె ఖుర్షిదా భుజానికి ఆనుకుంది. "రెండేళ్ళు నేనొక్కదాన్నే అనుకున్నా. నిజంగానే సోమరిదాన్నేమో అనుకున్నానయ్యా. నువ్వూ అనుకున్నావు."

అతను కాదనలేదు. అరుగు మీద డాక్టరు చెప్పిందంతా చెప్పాడు. ఇరవై మంచాలు, పాలు, ఇద్దరు డాక్టర్లు, నెలాఖరు. చెబుతూ ఉంటే తన గొంతే తనకి ఎక్కడినుంచో వస్తున్నట్టుంది.



"మరి మీరేం చెప్పారయ్యా?" అన్నాడు జక్రయ్య.

"ఎవరూ లేరని చెప్పాం."

ఎవరో ఏడుపు ఆపుకుంటూ నోట్లో కొంగు కుక్కుకున్నారు. సుబ్బరావమ్మ మెల్లగా అడిగింది. "ఇక్కడ పెట్టాలని ఎవరికి తోచింది? మా ఆయనకా?"

"కాదమ్మా. నాకు."

బసవమ్మ తిడుతుందని అతను ఎదురుచూశాడు. తిడితే బాగుండనిపించింది. ఆమె మళ్ళీ ఖుర్షిదా ఒళ్ళో తల పెట్టుకుంది.

"ఏరడం వచ్చినోడివి," అంది కళ్ళు మూసుకుని. "కలపడం కూడా నువ్వే చూడు."

ఇంటికొచ్చాక అంకమ్మ అడిగింది, ఆ మహారాణి ఇంకా రాలేదేంటని. కోటిలింగం తల్లి ఎదుట నిలబడి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు పెంచాడు. "దాన్ని సింగరాయకొండ పంపేది లేదమ్మా. ఆ మాట ఇంకెప్పుడూ అనమాక. మునసబుగారి భార్యది కూడా అదే జబ్బు." అంకమ్మ నోటి మీద చెయ్యి వేసుకుని గడప మీద కూలబడింది. ఆ పూట ఆమె నోట మళ్ళీ మాట రాలేదు.

శుక్రవారం పొద్దున బ్యారన్‌లోని పదిహేడు మందినీ ఎక్కించుకుని మూడు బండ్లు పేట బాట పట్టాయి. గోతాలు కప్పలేదు. ఎండ తగలకుండా పైన గూడు మాత్రం కట్టారు. చావడి దగ్గర మునసబు వెంకయ్య బాటకి అడ్డం నిలబడ్డాడు.

"కోటిలింగం! బండ్లు తిప్పు. మళ్ళీ ఊరికి తాడు కట్టిస్తావా? నీ ఒక్కడి ఇల్లు కాదు, ఊరంతా మునుగుద్ది!"

"బేరగాడికి అనుమానమొస్తే ఏం చేస్తాం మావా?" అన్నాడు కోటిలింగం. "గోతం బోర్లిస్తాం. ఇంకో దారి లేదు."

"పరువు పోద్దిరా!"

ముందు బండి గూడు పక్కకి జరిగింది. సుబ్బరావమ్మ మొహం కనబడింది. ఎండకి కళ్ళు సగం మూసుకునే ఆమె భర్త వంక చూసింది. పక్కన బసవమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. చావడి దగ్గర చేరిన వాళ్ళంతా నిర్ఘాంతపోయి చూశారు. వెంకయ్య మెల్లగా బాట పక్కకి తప్పుకున్నాడు. మూడో బండి దాటాక, కండువా సర్దుకుని దాని వెనకాలే నడవడం మొదలుపెట్టాడు.

పేట బంగళా వరండాలో డాక్టరు క్రీస్తుదాసు బల్ల ముందు కూర్చుని రాస్తున్నాడు. బండ్లు వచ్చి చెట్టు నీడన ఆగాయి. ఒక్కొక్కళ్ళనీ దించారు. నడవగలిగిన వాళ్ళు నడిచారు, లేనివాళ్ళని ఎత్తుకొచ్చి వరండాలో పడుకోబెట్టారు. డాక్టరు కలం పట్టుకునే లేచి నిలబడ్డాడు.

"ఏమిటిది?"

"మా ఊరండి," అన్నాడు కోటిలింగం. "నిన్న మీకు పైపొర చూపించాం. ఇవాళ గోతం బోర్లించాం. నన్ను జైల్లో పెట్టినా సరే, దాచమన్నది నేనే."

డాక్టరుకి అతని మాట వినబడిందో లేదో. ఆయన బసవమ్మ పక్కన నేల మీద కూర్చున్నాడు. "ఒకరోజు పని చేస్తే..." అన్నాడు.

"మూడు రోజులు మంచం," అంది బసవమ్మ.

"ఎంత నిద్రపోయినా..."

"నిద్రపోనట్టే ఉంటదండి."

ఆయన పక్క మనిషి దగ్గరికి జరిగాడు. మళ్ళీ అదే అడిగాడు. అదే జవాబు. ఆ పక్క మనిషి. ఆ పక్క మనిషి. పదిహేడో మనిషి కూడా అయ్యాక ఆయన లేచాడు. వెళ్ళి బల్ల మీద సగం రాసిన కాయితం తీసుకుని, ఒకసారి చూసి, నాలుగు ముక్కలు చేశాడు.

"పదిహేడు," అన్నాడు. "నలభై కావాలి. ఇరవై ముగ్గురు తక్కువ." ఆ అంకె చెబుతూ ఆయన వరండా మెట్టు మీద కూలబడ్డాడు. "ఇంత దగ్గరికొచ్చి..."

అందరూ కోటిలింగం వంక చూశారు, తేవలసినవాళ్ళు ఇంకా ఎవరో అతని దగ్గర ఉన్నట్టు. అతను గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు.

"నిన్న మీరు పదకొండు ఊళ్ళన్నారండి. మిగతా పదూళ్ళు ఏవి?"

సిలార్ వేళ్ళు మడుస్తూ పేర్లు చెప్పాడు. కోటిలింగం ఒక్కో పేరుకీ తలాడించాడు. నాలుగో పేరు దగ్గర అతని మొహం మారింది.

"అన్ని ఊళ్ళలోనూ మిరపే గదండీ."

"అవును. అయితే?"

"అందులో ఆరూళ్ళలో తాలు ఏరి దాచడం నేర్పింది నేనేనండి."

డాక్టరు వరండాలో పడుకున్న పదిహేడు మందినీ చూసి, దూరంగా పొలాల వైపు చూశాడు. ఆ పొలాల అవతల ఒక్కో ఊరూ ఆయనకి "లేరండి" అని చెప్పింది. ఒక్కో ఊరికీ ఒక సున్నా చుట్టాడు.

"సిలార్, జీపు తియ్యి," అన్నాడు. "కోటిలింగం, నువ్వూ ఎక్కు. ఎక్కడ పెడతారో నీకే తెలుస్తుంది."

కోటిలింగం బసవమ్మ వంక చూశాడు. ఆమె కొంగు కళ్ళ మీదికి లాక్కుని ఉంది. "పో," అంది. "నేనెక్కడికి పోతా? ఇక్కడే ఉంటా. పాలిస్తానన్నారు గదా, తాగి పడుకుంటా."

మొదటి ఊళ్ళో కల్లాలన్నీ ఎర్రగా మెరుస్తున్నాయి. జీపు ఆగగానే పెద్దలు చేతులు కట్టుకుని వచ్చారు. "నిన్నగాక మొన్నే చెప్పాంగదండి, మా ఊళ్ళో ఎవరూ లేరని." కోటిలింగాన్ని గుర్తుపట్టి, "నువ్వేంటి బావా ఈ జీపులో?" అని నవ్వారు.

అతను జవాబు చెప్పలేదు. ముందు రాశుల వంక కూడా చూడలేదు. కల్లం దాటి, వెనక పరిచిన చాప దాటి, పత్తికట్టె మోపుల చాటున ఉన్న పాక దగ్గరికి నేరుగా నడిచాడు. బేరగాడు తాలూకా దాటేదాకా దాచిన తాలు బయటికి తీయకూడదని నేర్పింది అతనే. వెనక నవ్వులు ఆగిపోవడం అతనికి వినబడింది. గుమ్మానికి గోనెపట్టా వేలాడుతోంది. దాన్ని పక్కకి లాగాడు.

లోపల ఒక్కసారే చాలా చేతులు కళ్ళకడ్డం లేచాయి.

కోటిలింగం లోపలికి ఎండ పోకుండా గుమ్మానికి అడ్డంగా నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎంతమంది ఉన్నారమ్మా?"